పద్నాలుగు నిమిషాల తేడా

“రేపు మీరు మెలకువగానే ఉంటారు. పూర్తి మత్తు ఇవ్వం. మగతగా ఉంటుంది, అంతే,” అంది డాక్టర్ అనూరాధ స్టూలు మంచం దగ్గరికి లాక్కుంటూ.

లక్ష్మీనరసమ్మ తల ఊపింది గాని ఆవిడ చూపు డాక్టరు మీద లేదు. పక్కనున్న నాలుగో మంచం మీద ఉంది. దాని మీద పరుపు తప్ప దుప్పటి కూడా లేదు. నిన్న మధ్యాహ్నం దాకా దానమ్మ పడుకున్న మంచం అది.

“గుండెల మీద కోత ఉండదు. గజ్జ దగ్గర చిన్న గాటు పెట్టి, రక్తనాళంలోంచి సన్న గొట్టం గుండె దాకా పంపిస్తాం. దాని కొసన బెలూను, బెలూను మీద ముడిచిపెట్టిన కొత్త వాల్వు. పాత వాల్వులోకి చేరాక పేసింగు పెట్టె అనే చిన్న యంత్రంతో మీ గుండెను పది పదిహేను సెకన్లు నిమిషానికి నూట ఎనభై చొప్పున కొట్టిస్తాం. అంత వేగంలో గుండె వణుకుతుందే గాని రక్తాన్ని తోయలేదు. ఆ కాస్త నిలకడలో బెలూను ఉబ్బించి వాల్వు విప్పేస్తాం. ప్రాణం జారిపోతున్నట్టు అనిపిస్తుంది. పెట్టె ఆపగానే గుండె మళ్ళీ తన దారిన పడుతుంది.”

“ఆ పెట్టె ఎవరి సేతిలో ఉంటాది?”

“టెక్నీషియన్ వినోద్ చేతిలో. వాల్వు ముడిచి ఇచ్చేదీ అతనే. కంపెనీ తరఫు మనిషి.”

“తరవాత?”

“ఆరు గంటలు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. మెడ దగ్గర్నించి గుండెలోకి ఒక తీగె ఒక రోజు ఉంచుతాం. కొత్త వాల్వు కూచునే చోటు పక్కనుంచే గుండెకు కొట్టుకోమని సంకేతం వెళ్ళే దారి ఉంటుంది. అది నలిగితే గుండె మందగిస్తుంది. అలాంటప్పుడు తీగె చివరనున్న పెట్టె కొట్టిస్తుంది. చాలామందికి మర్నాటికి ఆ తీగె తీసేస్తాం. కొందరికి శాశ్వతంగా పేస్‌మేకరు పెట్టాల్సి వస్తుంది. మూడో రోజుకి ఎక్కువమంది తమ కాళ్ళ మీదే ఇంటికి వెళ్తారు.”

“దానమ్మ ఎల్లలేదు.”

అనూరాధ ఖాళీ మంచం కేసి చూసింది. “ఆవిడకి ఆ దారి బాగా నలిగింది. సొంతంగా కొట్టుకోవడం దాదాపు లేదు. పెట్టె మీదే బతికింది. ఆ పెట్టె ఆగిపోయింది. ఎలా ఆగిందో నాకు తెలీదమ్మా. ఆ పెట్టె పట్టుకునే మనుషుల మధ్యే నేను ఇప్పుడు ఇంకో కేసుకి వెళ్ళాలి.”

లక్ష్మీనరసమ్మ ఇరవై ఏడేళ్ళు సి.ఐ.డి.లో చేసి, రిటైరయ్యాక విజయనగరంలో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. డెబ్భై ఒకటో ఏట గుండె వాల్వు సున్నం కట్టుకుపోయి, పది అడుగులు వేస్తే ఆయాసం. తుపాకులకు బెదరలేదు గాని, రేపు మెడలో తీగెతో, కదలకూడని కాలుతో ఈ గదిలోనే ఆరు గంటలు పడుకోవాలన్న ఆలోచనకి మాత్రం బెదిరింది.

గుమ్మంలో చక్రాల కుర్చీ ఆగింది. అందులో ఆకుపచ్చ గౌను తొడుక్కుని నూకయ్య ఉన్నాడు. చీపురుపల్లి దగ్గర రైతు. వారంలో రెండుసార్లు పొలంలో స్పృహ తప్పి పడిపోయాడు గనక అతని కేసు వాయిదా వెయ్యడానికి వీల్లేదన్నారు.

“ఎల్లొస్తానప్పా. ఆవు గుండె పొరతోటి సేస్తారంట గదా ఆ వాల్వు. నా ఆవుల మీద నేనెప్పుడూ సెయ్యెత్తలేదు. అది నాకేటీ సెయ్యదులే,” అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

“ఎల్లిరా తమ్ముడూ. మద్దేన్నం కబుర్లు సెప్పుకుందాం,” అంది ఆవిడ.

డాక్టరూ, నూకయ్యా వెళ్ళిపోయారు. టైము పదీ ఐదు.

పదీ పదికి సి.ఐ. గోవింద్ లోపలికొచ్చాడు. అతని వెనక మహిళా కానిస్టేబులు, ఆవిడ పక్కన ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిన నర్సు తులసి. గోవింద్ ఒకప్పుడు లక్ష్మీనరసమ్మ దగ్గర ఎస్సైగా పని నేర్చుకున్నవాడే. ఆ సంగతి గుర్తు చేస్తే అతనికి ఇప్పుడు నచ్చదు.

“మేడమ్ గారూ, నమస్కారం. మీరు పేషెంటు. రెస్టు తీసుకోండి. ఈ అమ్మాయిని తీసుకెళ్తున్నాం. మీరు సాక్షి గనక ఒక మాట చెప్పి వెళ్దామని వచ్చాను.”

“దేనికి తీసుకెళ్తన్నావు?”

“దానమ్మ కూతురు అనిత కంప్లైంటు ఇచ్చింది. పెట్టె దానంతటది ఆగదు. ఎవరో ఆపారు. నిన్న మధ్యాహ్నం ఈ గదికి డ్యూటీ నర్సు ఈ అమ్మాయి ఒక్కతే.”

“నిన్న రెండూ నలభై ఎనిమిదికి నన్ను కుర్చీలో కూచోబెట్టి కింద స్కానింగుకి తీసుకెల్లింది తులసే. దానమ్మని సూస్తుండమని ల్యాబు పిల్లకి సెప్పి మరీ ఎల్లింది.”

“ల్యాబు పిల్ల మధ్యలో ఫోనొచ్చి బయటికెళ్ళింది. అది ఒప్పుకుంది. మీరు స్కానింగు గది చేరింది రెండూ యాభై ఎనిమిదికి. రిజిస్టర్లో ఉంది. మిమ్మల్ని అక్కడ దింపి తులసి పైకొచ్చేసింది. మానిటరు రికార్డులో పెట్టె ఆగిన టైము మూడూ ఆరు. అప్పుడు గదిలో ఉన్నది తులసే.”

“మరి గుండె ఆగినట్టు తులసి రాసిన టైమెంత?”

గోవింద్ చేతిలో ఉన్న దానమ్మ ఫైలు తెరిచాడు. “అక్కడే దొరికిపోయింది. మూడూ రెండుకి చూశాను, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను అని రాసింది. పెట్టె ఆగక ముందే గుండె ఆగిందని రాస్తారా ఎవరైనా? కంగారులో తప్పుడు టైము వేసింది.”

“నేను గోడ గడియారం సూసే రాసినాను మేడమ్,” అంది తులసి. “పేసింగు లేదు, అలారం మోగట్లేదు. ఎవరో అలారం నొక్కేసి ఉన్నారు. నాకేటీ తెల్దు.”

“తెలీదు, తెలీదు. స్టేషన్లో అదే చెప్పు.”

“గోవిందూ,” అంది లక్ష్మీనరసమ్మ. గొంతు పెంచలేదు, పెంచే ఊపిరి లేదు. “ఒక గంట ఆగు.”

“మీ రోజులు కావు మేడమ్ ఇవి. పైనుంచి ఫోన్లు.”

“ఒక గంట. రేపు ఈ మంచం మీద పడుకునేది నేను. నువ్వు తప్పు మనిషిని పట్టుకెల్తే అసలు మనిషి ఇక్కడే ఉంటాడు. నా మెడలో తీగె పెట్టినాక ఆడి సెయ్యి ఆ పెట్టె మీద ఉంటాది.”

గోవింద్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఎన్నో ఏళ్ళు ఆవిడతో తిరిగాడు గాని ఆ కళ్ళలో భయం ఎప్పుడూ చూడలేదు. వాచీ చూసుకుని, తులసిని వరండాలో కూర్చోబెట్టమని కానిస్టేబులుకి సైగ చేశాడు.

దానమ్మ కూతురు అనిత వచ్చి మంచం అంచున కూర్చుంది. భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు వాళ్ళది. తల్లీకూతుళ్ళిద్దరూ చేపల బుట్టలు ఎత్తినవాళ్ళే.

“అమ్మ నిన్న మద్దేన్నం ఎలా ఉన్నాది?”

“బాగుంది పెద్దమ్మా. రెండు గంటలకి నన్ను అన్నం తినమని పంపీసింది. మా పిన్ని జగ్గమ్మకి నాలుగు నెల్ల కిందట ఇక్కడే ఈ వాల్వే ఏశారు. అది బాగుందనేసి మేమూ ఇక్కడికొచ్చినాం. పిన్ని తన వాల్వు నంబరున్న కార్డు కూడా అమ్మకిచ్చింది, ఇదే ఎయ్యమని సూపించమని.”

“ఆ కార్డు ఏదీ?”

అనిత సంచి వెతికింది. చీర, దువ్వెన, మందుల చీటీలు, విభూతి పొట్లం. కార్డు లేదు. “ఉండాల. నిన్న పొద్దున్న నేనే పెట్టినాను.”

లక్ష్మీనరసమ్మకి నిన్నటి ఒక మాట జ్ఞాపకం వచ్చింది. రెండూ ఇరవై ప్రాంతంలో తను కునుకు తీస్తుంటే కర్టెను అవతల్నించి దానమ్మ గొంతు వినిపించింది. ‘రెండూ ఒకలాగే ఉన్నాయేటి బాబూ? డాక్టరమ్మ మూడింటికి వస్తాది గదా, అడుగుతానులే.’ బాబు ఎవరో తను చూడలేదు. ఏదో మందుబిళ్ళల సంగతి అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

“మీ పిన్నికి ఫోన్ సెయ్యి. ఆ కార్డు జెరాక్సు గాని ఫోటో గాని ఉంటే పంపమను. బేగి,” అంది.

ఆ లోపల టెక్నీషియన్ వినోద్‌ని పిలిపించింది. ముప్ఫై దాటని వయసు, నీలం దుస్తులు, చేతిలో బెలూను సిరంజి. నూకయ్య కేసుకి అన్నీ సర్దుతున్నానని, రెండు నిమిషాల కంటే ఉండలేనని మర్యాదగానే చెప్పాడు.

“అందర్నీ అడుగుతన్నదే నిన్నూ అడుగుతన్నాను. నిన్న మూడూ ఆరుకి ఎక్కడున్నావు?”

“నేను ఈ ఫ్లోర్లోనే లేను మేడమ్. రెండూ యాభైకల్లా కింద ఫార్మసీలో ఉన్నాను. మూడింటి దాకా అక్కడే. ఫార్మసీ రిజిస్టర్లో నా సంతకం ఉంటుంది, టైముతో సహా.”

“దానమ్మ దగ్గరికి వచ్చినావా?”

“పొద్దున్న కేసు అయ్యాక రాలేదు.”

“ఆమె కార్డు ఇవ్వలేదా?”

“కార్డు డిశ్చార్జి రోజున ఇస్తాం మేడమ్.” రెప్ప వెయ్యకుండా చెప్పాడు. “రేపు మీది కూడా నేనే దగ్గరుండి చూసుకుంటాను. భయపడకండి.”

అతను వెళ్ళిపోయాక కూడా ఆ చివరి మాట గదిలోనే ఉన్నట్టు అనిపించింది ఆవిడకి.

తరవాత నాలుగో మంచం. అనిత భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఐదు అడుగులు. మూడో అడుగుకే ఛాతీ మీద రాయి పెట్టినట్టయింది. గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది.

పెట్టె ఇంకా స్టాండుకి వేలాడుతోంది. సబ్బుపెట్టెకి రెండింతలుంటుంది. గోవింద్ చేతి తొడుగులతో తీసి వెనక మూత విప్పాడు. బ్యాటరీ మీద నిన్నటి తేదీ రాసి ఉంది.

“కొత్త బ్యాటరీయే,” అన్నాడు. “అందుకే నేను ఎవరో ఆపారంటున్నది.”

“ఆన్ సేసి ఒక నిమిషం ఒగ్గీ. ఇప్పుడు ఆపు.”

గోవింద్ బటన్ నొక్కాడు. పెట్టె ఆగలేదు. తెర మీద తాళం గుర్తు వెలిగింది.

“సెయ్యి తగిలి ఆగిపోకుండా దానంతటదే తాళం పడతాది. ముందు తాళం తియ్యాల, తరవాత ఆపాల. పొరపాటున ఆగేది కాదిది.”

“నర్సుకి తాళం తియ్యడం రాదా?”

“వస్తాది. నీ ఫోన్లో టైమెంత?”

“పదీ ముప్ఫై ఎనిమిది.”

“మానిటరు మీద?”

గోవింద్ తలెత్తాడు. మానిటరు మూల చిన్న అంకెలు. ఒకసారి ఫోన్ చూశాడు, మళ్ళీ మానిటరు చూశాడు. “పదీ యాభై రెండు,” అన్నాడు నెమ్మదిగా.

“గోడ గడియారం?”

“పదీ ముప్ఫై ఎనిమిది.”

“ఆ పిల్ల అబద్ధం రాయలేదు. ఈ మానిటరే పద్నాలుగు నిమిషాలు ముందుకి తిరుగుతన్నాది. మూడూ ఆరులోంచి పద్నాలుగు తియ్యి.”

“రెండూ యాభై రెండు.”

“అప్పుడు తులసి నా కుర్చీ పట్టుకుని కిందికి దిగే ర్యాంపు మీద ఉన్నాది. నాకు ఆయాసం వస్తే కుర్చీ ఆపీసి నా వీపు రాసింది. దానికి సాక్షిని నేనే. కోర్టులో కూడా నేనే సెప్తాను.”

గోవింద్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఓడిపోయిన మొహం కాదు అది, లెక్క మళ్ళీ మొదట్నుంచీ కట్టుకుంటున్న మొహం. లక్ష్మీనరసమ్మకి పాత ఎస్సై కనిపించాడు.

“మనం అందర్నీ మూడూ ఆరు గురించే అడిగాం,” అన్నాడు.

“అందరూ మూడూ ఆరుకే జవాబు సెప్పినారు, ఒక్కడు తప్ప. ఆడు మాత్రం రెండూ యాభై నుంచీ లెక్క సెప్పినాడు, ఎవరూ అడక్కుండానే. పెట్టె రెండూ యాభై రెండుకి ఆగిందని నీకు తెల్దు, నాకు తెల్దు, డాక్టరుకీ తెల్దు. ఆడికెలా తెలిసింది? ఆ ఫార్మసీ రిజిస్టర్లో టైము ఎవరికి వారే ఏసుకునేది.””

అనిత ఫోన్ మోగి ఆగింది. జగ్గమ్మ ఎవరిచేతో కార్డు జెరాక్సు ఫోటో తీయించి పంపించింది. అనిత ఆ తెరను ఆవిడ ముందు పెట్టింది. గోవింద్ దానమ్మ ఫైలు తీసి, ఆపరేషన్ కాగితం మీద అంటించిన వాల్వు స్టిక్కరు పక్కన పెట్టాడు. లక్ష్మీనరసమ్మ కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదివింది. పదకొండు అంకెలు. చివరిదాకా ఒకటే.

“ఒక్కో వాల్వుకి ఒక్కో నంబరు. లోకంలో ఇంకోదానికి ఉండకూడదు,” అంది. “నాలుగు నెల్ల కిందట జగ్గమ్మ గుండెలో పెట్టిన వాల్వు, నిన్న దానమ్మ గుండెలో ఎలా ఉంటాది? ఎక్కడో మంచి వాల్వు స్టిక్కరుకి నకళ్ళు తీసి, పనికిరాని వాటికి అంటిస్తన్నాడు. నిన్న ఆడు కార్డు పట్టుకొచ్చి సంచిలో పెడతంటే దానమ్మ రెండూ పక్కపక్కన పెట్టి సూసింది. సదువు లేకపోయినా అంకెలు తెలుసు గదా. మూడింటికి డాక్టరమ్మని అడుగుతానంది. మూడు దాకా దానమ్మని ఆడు బతకనివ్వలేదు.”

అనిత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“వినోద్ ఎక్కడ?” అన్నాడు గోవింద్, అడుగుతూనే జవాబు తెలిసిపోయినట్టు.

లక్ష్మీనరసమ్మని చక్రాల కుర్చీలో కూచోబెట్టి అనిత తోసింది. తులసి వరండాలోంచి లేచి పరుగున వచ్చి రెండో పిడి పట్టుకుంది. వాల్వులు వేసే గది, క్యాథ్ ల్యాబు, అదే అంతస్తు చివర. పదీ యాభై ఒకటి. గోవింద్ ముందు నడిచాడు. లక్ష్మీనరసమ్మ గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తను ఇక్కడే పోతే ఎలా అన్న ఆలోచన ఒక్కసారి వచ్చి వెళ్ళింది.

అద్దం ఇవతల కంట్రోలు గది. అద్దం అవతల బల్ల మీద నూకయ్య. మీదికి దించిన కెమెరా నీడలో అతని మొహం, తెరిచిన కళ్ళు. అనూరాధ గజ్జ దగ్గర గొట్టం పట్టుకుని తెర చూస్తోంది. బల్ల చివర వినోద్. ఒక చేతిలో పెట్టె.

గోవింద్ తలుపు మీద చెయ్యి వేశాడు. లక్ష్మీనరసమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

“ఇప్పుడు కాదు. వాల్వు సగం దారిలో ఉన్నాది, పెట్టె ఆడి సేతిలో ఉన్నాది.”

స్పీకర్లోంచి అనూరాధ గొంతు వినిపించింది. “పేసింగ్ ఆన్.”

తెర మీద గీత కుట్టుమిషను సూదిలా పరిగెత్తింది. నూట ఎనభై. రక్తపోటు అంకె నూట ముప్ఫై నుంచి డెబ్భైకి, యాభైకి, నలభై ఎనిమిదికి పడింది. నూకయ్య కళ్ళు పైకి తేలిపోయాయి. ఎక్సరే తెర మీద నల్లటి సన్న ముడి ఉబ్బి గుండ్రంగా విచ్చుకుంది. రేపు ఆ బల్ల మీద తను. లక్ష్మీనరసమ్మ లోలోపల లెక్కపెడుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది.

“బెలూన్ డౌన్. పేసింగ్ ఆఫ్.”

వినోద్ తల ఎత్తాడు. అద్దం వెనక ఖాకీ చొక్కా కనిపించింది. దాని పక్కన కుర్చీలో ముసలావిడ. అతని బొటనవేలు కదల్లేదు.

“వినోద్, ఆఫ్.”

పదిహేను. పదహారు. రక్తపోటు నలభై.

“వినోద్!”

అతను అనూరాధ వైపు చూడలేదు. అద్దంకేసే చూస్తున్నాడు. పెట్టెని ఛాతీకి ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. తీగె బిగిసింది. తలుపు తెరిస్తే ఏం చేస్తాడో తెలీదు. తెరవకపోతే ఆ గుండె ఎంతసేపు ఆగుతుందో తెలీదు.

లక్ష్మీనరసమ్మ బల్ల మీది మైకు బటన్ నొక్కింది.

“డాక్టరమ్మా, పెట్టె జోలికి ఎల్లకండి. మెడ దగ్గర తీగె కలిపిన చోట ఊడదీసీండి.”

అనూరాధ ఆలోచించలేదు. ఎడమ చెయ్యి చాచి తీగె ముడి పట్టుకుని లాగేసింది.

పరిగెడుతున్న గీత ఒక్కసారి చదునైపోయింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో సెకనుకి గీత లేచింది. ఒక దెబ్బ. ఆగి ఇంకోటి. తరవాత వరసగా. అంకె అరవైకి, తొంభైకి, నూట పదికి ఎక్కింది. నూకయ్య సొంత గుండె అది.

గోవింద్ అప్పటికే లోపలున్నాడు. వినోద్ పెనుగులాడలేదు. పెట్టెని జాగ్రత్తగా ట్రాలీ మీద పెట్టి చేతులు ముందుకి చాపాడు. కంట్రోలు గదిలోకి తెచ్చేసరికి అతని మొహం మీద చెమట తప్ప ఇంకేమీ లేదు.

“దానమ్మది నువ్వే సేసినావు,” అంది లక్ష్మీనరసమ్మ.

“ఆవిడ ఆ కార్డులు కలిపి చూడకపోతే చేసేవాణ్ణి కాదు.” ఆయాసపడుతున్న ఆవిడని తలవంచి చూశాడు. “మీరు ఒక్కటి అడగడం మర్చిపోయారు మేడమ్. ఇప్పుడు ఆయన గుండెలో విప్పింది మంచిదా కాదా అని.”

గోవింద్ పట్టు బిగించాడు. “చెప్పు.”

“గడువు తీరి రెండేళ్ళయింది. ఇంకా పదకొండు మంది తిరుగుతున్నారు బయట. జగ్గమ్మ సంగతి మీకు తెలిసింది. మిగతా పది మంది ఎవరో, ఏ ఆస్పత్రిలో వేయించుకున్నారో నాకు తప్ప ఎవరికీ తెలీదు. అన్నీ ఒకేసారి పాడవ్వవు. ఒక్కోటి ఒక్కో రోజున పోతుంది. నన్ను బెదిరించి చెప్పించుకోవాలంటే ఎంత టైముందో మీరే లెక్క వేసుకోండి.”

అద్దం అవతల అనూరాధ ఆ మాటలు వినలేదు. గజ్జ దగ్గర గాటుకి కట్టు కడుతూ నూకయ్యతో ఏదో చెబుతోంది. అతను నెమ్మదిగా తల తిప్పాడు. కుర్చీలో ఉన్న మనిషిని గుర్తుపట్టాడు. స్పీకర్లోంచి అతని గొంతు సన్నగా వచ్చింది.

“అప్పా, నువ్వేటి ఇక్కడున్నావు? అయిపోనాదంట. ప్రాణం పోయినట్టే పోయి మళ్ళీ వచ్చింది.” కాస్త ఆగాడు. “బాగా పెట్టినారా అప్పా? మంచిదేనా?”

లక్ష్మీనరసమ్మ వేలు మైకు బటన్ మీద ఉంది. ఇరవై ఏడేళ్ళలో ఎందరికో ఎన్నో అబద్ధాలు చెప్పి నిజాలు రాబట్టింది. ఇప్పుడు ఒక్క చిన్న అబద్ధం కావాలి. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బటన్ నొక్కకుండానే ఆవిడ అలా కూర్చుండిపోయింది. నూకయ్య ఇంకా ఆవిడ మొహంకేసే చూస్తున్నాడు.